అవ్వ చెంబు షోకేసులో పెట్టాలా, వాడుకోవాలా? రోజూ వాడే వస్తువుల అందం మీకెట్లా తెలుస్తుంది?

కొర్లగుంట టైలరక్క

రోజూ వాడే వస్తువులో అందం మీకు ఎక్కడ తెలుస్తుంది? కంటికా, చేతికా, చెవికా? ఆ వస్తువును వాడకం మాన్పించి ఒక పక్కన పెడితే ఆ అందం దాంట్లో ఉంటుందా, పోతుందా? మీ ఇళ్ళలో ఎట్లా చేస్తున్నారో చెప్పండి. మా ఇంట్లో ఇప్పుడు ఇదే చర్చ నడుస్తోంది.

నేను తిరుపతి కొర్లగుంటలో బ్లౌజులు కుడతాను. పాకాల దగ్గర మా అవ్వవాళ్ళ పాత ఇల్లు ఈమధ్య అమ్మేశాం. వంటింటి సామాను దగ్గరికి వచ్చేసరికి మావాళ్ళందరూ "నీకు కావాల్సింది తీసుకోబ్బా, మిగిలింది పాత సామాన్ల అంగడికి వేసేద్దాం" అన్నారు. నేను ఒక కంచు చెంబు, ఒక రాచిప్ప (వండుకునే రాతి గిన్నె), అవ్వ సంగటి కెలికే కట్టె తెచ్చుకున్నా. త్వరలో కరకంబాడి రోడ్డు వైపు ఫ్లాటులోకి మారుతున్నాం. ఇంటీరియర్ పని చేసే అబ్బాయి వీటిని చూసి, "అక్కా, హాల్లో గోడకి గూడు కట్టి, అద్దం తలుపు పెట్టి, పైనుంచి లైటు వేద్దాం, ఇల్లే మారిపోతుంది" అన్నాడు. మా ఆయనకీ నచ్చింది. నాకే మనసు ఒప్పడం లేదు. ఎందుకు ఒప్పడం లేదని అడిగితే వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నా.

చెంబు సంగతి కొంచెం వివరంగా చెప్తా. పొట్ట గుండ్రం, మెడ సన్నం, మూతి మళ్ళీ బయటికి విచ్చుకుని ఉంటుంది. ఆ మెడ దగ్గర నా నాలుగు వేళ్ళూ ఒక పక్క, బొటనవేలు ఇంకో పక్క సరిగ్గా కూర్చుంటాయి. నిండా నీళ్ళున్నా, చేయి తడిగా ఉన్నా జారదు. వంచితే నీళ్ళు అంచు మీంచి ఒకటే ధారగా పడతాయి, చెంబు ఒంటి మీదుగా కిందికి కారవు. మా స్టీలు మగ్గుతో పోస్తే సగం నా మోచేతి మీదుగానే పోతాయి. అడుగు తిప్పి చూస్తే తరిమెన (గిర్రున తిప్పుతూ చెక్కే పనిముట్టు) పట్టినప్పుడు పడిన గీతలు చుట్లు చుట్లుగా ఉన్నాయి. అవి ఎవరికో చూపించడానికి పెట్టినవి కావు, పనిలో పడినవి. అయినా ఒక్క చుట్టు కూడా పక్కకి పోలేదు. నేను కుట్టే బ్లౌజుల్లో కూడా లోపలి కుట్టు చక్కగా రాకపోతే నాకు ఊరుకోబుద్ధి కాదు. దాన్ని ఎవరూ చూడరు, కానీ వేసుకున్నావిడ ఒంటికి తెలుస్తుంది. కొందరు బ్లౌజు చేతికివ్వగానే ముందు తిరగేసి చూస్తారు. అట్లాంటివాళ్ళు వస్తే నాకు భలే సంతోషం.

ఇంకొకటి దాని మోత. వేలితో అంచు మీద కొడితే ఖంగుమని మోగి చాలాసేపు సాగుతుంది. నీళ్ళు పోసే కొద్దీ ఆ మోత బరువెక్కుతుంది. చీకట్లో నీళ్ళు పట్టుకున్నా ఎంత నిండిందో చెవికే తెలిసిపోతుంది. కంచు కిందపడితే ఇత్తడిలా సొట్టపోదు, పగులుతుంది. సన్నటి పగులున్నా మోత బొంగురుపోతుంది. అందుకే మా అవ్వ తోమి బోర్లించే ముందు ఒకసారి కొట్టి వినేది. అద్దం వెనక పెడితే ఆ మోత ఎవరు వింటారు చెప్పండి?

మా ఆయన మాట ఏందంటే, "నీకది మీ అవ్వ మీద ప్రేమ. అందమూ కాదు ఏమీ కాదు, జ్ఞాపకం. జ్ఞాపకం గూట్లో పెట్టినా ఉంటుంది కదా." దీని గురించి చాలా ఆలోచించా. అవ్వ ఈ చెంబు కంటే ఎక్కువగా వాడింది ఒక అల్యూమినియం తపేలా. పొద్దున లేస్తే అందులోనే పాలు, అందులోనే కాఫీకి నీళ్ళు. అవ్వ గుర్తుకొస్తే ఆ తపేలానే ముందు కళ్ళ ముందుకొస్తుంది. అయినా సామాన్లు పంచుకునేటప్పుడు దాన్ని చేతిలోకి తీసుకోవాలని నాకే కాదు, అక్కడ ఎవరికీ అనిపించలేదు. అంచు చుట్టూ నొక్కులు, పట్టకారు కొరికిన గుర్తులు, అడుగు ఎగుడుదిగుడు. జ్ఞాపకమొక్కటే అయితే తపేలా మీద కూడా ఇంతే మనసు పడాలి కదా? చెంబులో జ్ఞాపకం కాక ఇంకేదో ఉంది. అదేందో మీకు తెలిస్తే చెప్పండి.

సంగటి కట్టె గురించి ఒక్క మాట. అవ్వ చేయి పట్టిన చోట అది సన్నగా, అద్దంలా నున్నగా అయిపోయింది. కుండ అంచుకి ఒరుసుకున్న చోట ఒక పక్కకి అరిగి గాడి పడింది. వాడకమే దానికి ఆ రూపం ఇచ్చింది. దాన్ని గూట్లో నిలబెడితే చూసేవాళ్ళకి మామూలు కర్ర. రాగి సంగటి కెలుకుతూ పట్టుకుంటే చేయి తనంతట తానే ఆ నునుపులోకి పోయి కూర్చుంటుంది.

---

కాళహస్తి కలం

అక్కా, మీరు లోపలి కుట్టు గురించి రాసింది చదివి నేనూ రాయాలనుకున్నా. మాది శ్రీకాళహస్తి. ఇంట్లో అందరం కలంకారీ పనిలోనే ఉన్నాం. చేసేవాడికి తెలిసే అందం, కొనేవాడికి తెలిసే అందం ఒకటి కావు. ఆ తేడా ఇప్పుడు ఇంకా పెరుగుతోంది.

మా గుడ్డ ఎట్లా తయారవుతుందో చెప్తా. ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి, పచ్చి గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతాం. పాలలోని కొవ్వు వల్ల కలం పెట్టినప్పుడు రంగు ఊటలా పాకిపోకుండా గీసిన చోటే నిలుస్తుంది. నల్లరంగుకి కసిమి కావాలి. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి చాలా రోజులు పులియబెట్టిన రసం అది. కలం అంటే వెదురు పుల్ల. మొన చెక్కి, పైన గుడ్డ చుట్టి దారంతో కడతాం. ఆ గుడ్డ రసం పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే మొనలోకి దిగుతుంది. గీసేటప్పుడు కసిమి పలచగా, మాసిన నీళ్ళలా ఉంటుంది. గుడ్డలోని కరక్కాయతో కలిసేసరికి మన కళ్ళ ముందే నల్లబడుతుంది. ఎన్నేళ్ళు చేసినా ఆ నలుపు తేలే క్షణం నాకు విసుగు పుట్టదు.

కలం నిండా రసం ఉన్నప్పుడు గీత కొంచెం లావుగా వస్తుంది, అయిపోవచ్చేసరికి సన్నబడుతుంది. నొక్కే వేలి బరువును బట్టి కూడా మారుతుంది. సీతమ్మ కొంగు అంచు గీసేటప్పుడు ఆ లావు సన్నాలతోనే కొంగు గాలికి కదిలినట్టు ఉంటుంది. ఇప్పుడు కొనడానికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆ గీత చూపించి "ఇక్కడ సమంగా లేదు, డ్యామేజీనా?" అని అడుగుతున్నారు. మిషన్ మీద అచ్చేసిన గుడ్డ చూసీ చూసీ కంటికి అదే అలవాటైపోయింది. వాళ్ళ తప్పని నేననను. పక్కన కూర్చోబెట్టి ఒక గీత వాళ్ళ చేతే గీయిస్తే చాలు, ఆ తర్వాత వాళ్ళే లావుసన్నాలు వెతుక్కుంటారు. పెడన వైపు చెక్క అచ్చులతో అద్దేది ఇంకో రకం, దాని అందం దానిదే. మాది గీసేది, వాళ్ళది అద్దేది. రెంటినీ ఒకే కొలతతో చూడకూడదు.

మీ గూడు విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ పక్షం కాదు. మా పని మొదట్లో గుళ్ళలో వేలాడదీయడానికే ఎక్కువగా పుట్టింది. పెద్ద పెద్ద తెరల మీద రామాయణం, భారతం గడులు గడులుగా గీసి, బొమ్మల కింద తెలుగులో కథ రాసేవాళ్ళు. అది నిలబడి, తలెత్తి చూసి, చదువుకునే వస్తువు. దాన్ని గోడకు కడితే ఏమీ తగ్గదు. చీర, దుప్పట్టా అట్లా కాదు. కొత్త గుడ్డకి పాలు, కరక్కాయ కలిసిన వాసన ఒకటుంటుంది. ఉతికే కొద్దీ ముతకదనం పోయి మెత్తబడుతుంది. ఫ్రేము కట్టి అద్దం వెనక పెట్టినవాళ్ళకి ఈ రెండూ ఉండవు. అందుకే వస్తువు ఎందుకు పుట్టిందో చూసి నిర్ణయించుకోండి అంటాను.

టైలరు కాబట్టి మిమ్మల్ని ఒకటి అడగాలి. మా దగ్గర బొమ్మల గుడ్డ కొని బ్లౌజులు కుట్టించుకుంటున్నారు కదా, కొన్నిసార్లు అమ్మవారి ముఖం మధ్యలోంచి కత్తెర పోతుంది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మీరెట్లా కోస్తారు?

---

చిత్తూరు పెద్దమ్మ

తల్లీ, నువ్వు రాసిందంతా బాగుంది. ఒకటి మాత్రం ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. ఆ చెంబు మెరవాలంటే ఎవరో ఒకరు తోమాలి. మా చిన్నప్పుడు పండగొస్తే అటక మీద సామానంతా కిందికి దిగేది. ఇత్తడి బిందెలు, గంగాళాలు, పళ్ళేలు, దీపపు కుందులు. చింతపండు, ఉప్పు, ఇటుక పొడి పెట్టుకుని మా అమ్మ, పిన్ని, మేం ఆడపిల్లలం పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా అదే పని. చింతపండు పులుపుకి వేళ్ళ సందులు చీరుకుపోయి అన్నం కలుపుకుంటే మండేది. మగపిల్లలు అటువైపు వచ్చేవాళ్ళు కాదు. వచ్చినవాళ్ళు మాత్రం వరసగా పెట్టిన సామాను చూసి "ఇల్లు కళకళలాడుతోంది" అనేవాళ్ళు.

కళాయి సంగతి కూడా ఇప్పటివాళ్ళకి తెలియదు. ఇత్తడి గిన్నెలో పులుపు వండితే చిలుం పట్టి అన్నం పాడైపోతుంది. అందుకని లోపల తగరం పూయించాలి. కళాయి పూసే ఆయన వీధిలో చిన్న గుంత తీసి, తిత్తి ఊది బొగ్గులు రాజేసేవాడు. గిన్నె బాగా కాగాక నవాసారం చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. తగరం ముక్క అట్లా తాకించి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే మసిగా ఉన్న గిన్నె లోపలంతా వెండిలా అయిపోయేది. బడికి పోయే పిల్లలం అక్కడే నిలబడిపోయేవాళ్ళం. అది అందం కాదని నేనెట్లా అంటాను? కానీ కొన్నాళ్ళకి ఆ పూత అరిగిపోయేది, మళ్ళీ ఆయన కోసం ఎదురుచూడాలి, మళ్ళీ డబ్బులివ్వాలి.

స్టీలు సామాను వచ్చాక నా ప్రాణానికి హాయిగా ఉండింది. పాత పట్టుచీరలు ఇచ్చి, పాత బట్టలు ఇచ్చి ఒక్కొక్కటే పోగేశాను. కడగ్గానే ఆరిపోతుంది, పులుపు పోసినా ఏమీ కాదు, కిందపడినా భయం లేదు. దానిలో కలిపే క్రోమియం గాలి తగిలి కంటికి కనపడనంత పలచని పొర కడుతుందంట, అందుకే తుప్పు పట్టదని మా అబ్బాయి చెప్పాడు. నాకు స్టీలు కంచం చాలా అందంగా ఉంటుంది. శుభ్రంగా, తేలిగ్గా, ఎవరి చేతులూ నొప్పి పుట్టించకుండా ఉంటుంది. అంగట్లో చిన్న మిషనుతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకునేవాళ్ళం చూడు, నా పెళ్ళప్పటి గ్లాసు మీద మా అమ్మ కొట్టించిన పేరు ఇప్పటికీ ఉంది. అక్షరాల్లో ఒకటి కొంచెం పైకి పోయింది. ఎవరింటికో గిన్నె పోతే ఆ పేరు చూసే తిరిగొచ్చేది. అందం పాత లోహాలకే ఉంటుందని మాత్రం అనుకోవద్దు తల్లీ. నీ చెంబు నువ్వు వాడుకో, వద్దనను. తోమే వంతు ఎవరిదో ముందు తేల్చుకో.

---

రేణిగుంట కుర్రోడు

పెద్దమ్మ చెప్పింది కరెక్ట్. ఇంకొకటి కూడా కలపండి. మా వీధికి ట్యాంకరు వస్తుంది. మా అమ్మ ప్లాస్టిక్ బిందె కొనాలంటే అంగట్లో ఉన్నవన్నీ దింపిస్తుంది. రంగు చూస్తుంది, మూతి చుట్టూ వేలు తిప్పి అంచు గీరుకుంటుందా అని చూస్తుంది, నడుం మీద పెట్టుకుని చూస్తుంది. చిలకపచ్చ రంగుదే కావాలంటుంది. క్యూలో బిందెలన్నీ వరసగా పెడితే మాది దూరం నుంచే తెలుస్తుంది, అదీ కారణమే. కానీ ఆ రంగంటే తనకి నిజంగానే ఇష్టం, చీరలు కూడా అదే రంగు కొనుక్కుంటుంది. వంద రూపాయల బిందె అని షోకేసులో ఎవరూ పెట్టరు. మా అమ్మ దాన్ని ఎంచుకున్నంత శ్రద్ధగా నేను ఫోన్ కూడా కొనలేదు.

---

పలమనేరు తమ్ముడు

అక్కా, మీ తపేలా, చెంబు పోలిక నాకు చాలా నచ్చింది. నేను అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) చదివాను, ఇప్పుడు బెంగళూరులో వస్తువులు డిజైన్ చేసే ఉద్యోగం. మా చదువు మొదలయ్యేదే ఒక రకంగా మీ చెంబుతో. 1958లో చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశమంతా తిరిగి ఒక నివేదిక రాశారు. దాని ఆధారంగానే 1961లో ఎన్‌ఐడీ పెట్టారు. అంత పెద్ద దేశం చూసినవాళ్ళు ఆ నివేదికలో అన్నిటికంటే మెచ్చుకున్నది చెంబును. ఎన్ని నీళ్ళు పట్టాలి, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు మొగ్గాలి, ఖాళీగా ఉన్నప్పుడు ఎటు, చంకన పెట్టుకుంటే ఎట్లా, తల మీద పెట్టుకుంటే ఎట్లా, ధార ఎట్లా పడాలి, లోపల చేయి పెట్టి తోమడానికి వీలవుతుందా, తాకితే ఎట్లా ఉంటుంది, కొడితే ఎట్లా మోగుతుంది, ఖరీదెంత, పాతబడ్డాక ఆ లోహాన్ని అమ్ముకోవచ్చా అని ఒక వరసగా అడుగుతూ పోతారు. ఏ ఒక్కరూ కూర్చుని గీసింది కాదని, తరతరాల చేతుల్లో తయారైన రూపమని వాళ్ళ మాట. మీరు కొర్లగుంటలో కూర్చుని మెడ, ధార, మోత అని రాసినవి చదువుతుంటే ఆ ప్రశ్నలకి జవాబులు చదువుతున్నట్టే అనిపించింది.

జ్ఞాపకం గురించి మీ ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. మళ్ళీ మళ్ళీ కంటపడే దాని మీద మనకి తెలియకుండానే ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయెన్స్ అనే సైకాలజిస్టు 1968లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. కానీ అది ఒక్కటే అయితే మీరన్నట్టు తపేలానే గెలవాలి. రూపం, వాటం, పదార్థం వీటి వంతు వీటికుంది. అలవాటు దాని మీద చేరుతుంది, అంతే. ఇంకో సంగతి, అందం పనిని మరిపిస్తుంది కూడా. 1995లో జపాన్‌లో కురొసు, కషిమురా అనే ఇద్దరు ఏటీఎం తెర మీద మీటలను 26 రకాలుగా అమర్చి 252 మందికి చూపించారు. ఎక్కువమంది ఏది అందంగా ఉందన్నారో దాన్నే వాడడం సులువని కూడా అన్నారు. అంటే చూడగానే నచ్చినదానికి మనం ముందే మార్కులు వేసేస్తాం. కాబట్టి వాడి చూడకుండా కంటి మాట ఒక్కటే నమ్మకూడదని మా ఉద్యోగంలో నేర్పిస్తారు. మీరు అటు నుంచి వచ్చారు, చేతి మాట ముందు విన్నారు.

నాకున్న ఒకే ఒక అనుమానం చెప్తా, కోపం తెచ్చుకోకండి. ఆ చెంబు గంగాళం పక్కన కూర్చుని ముంచి పోసుకునే ఇంటి కోసం తయారైంది. ఫ్లాటులో ప్రతి చోటా కుళాయి, స్నానానికి షవర్. అక్కడ దానికి పని ఏముంది? పని లేకుండా వంటగట్టు మీద పెట్టినా అది షోకేసే. పలమనేరులో మా ఇంటి దగ్గర మట్టి పని చేసేవాళ్ళు చాలామంది. నీళ్ళ కుండ కొనేవాళ్ళు తగ్గి, టెర్రకోట బొమ్మలు, తోట కుండీలు కొనేవాళ్ళు పెరిగారు. ఆ చేతులే, ఆ మట్టే, పని మాత్రం మారింది. వాళ్ళు బతకాలి కాబట్టి మారాల్సిందే. మీ చెంబుకీ ముందు ఒక పని వెతకండి, చోటు సంగతి తర్వాత చూద్దురు.

---

కొర్లగుంట టైలరక్క

అందరికీ చాలా థ్యాంక్స్. ఇన్ని మాటలు వస్తాయని అనుకోలేదు. మీరు రాసినవన్నీ మా ఆయనకి చదివి వినిపించా.

కాళహస్తి అన్నా, బొమ్మల గుడ్డ వస్తే నేను ముందు కత్తెర ముట్టుకోను. నేల మీద పూర్తిగా పరిచి, పేపర్ కటింగ్ దాని మీద అటూ ఇటూ జరిపి చూస్తా. ముఖం వీపు మధ్యకి వచ్చేలా పెడతా, అక్కడ కుట్టు పడదు. ముందు భాగంలో టక్కులు పడతాయి కాబట్టి అక్కడికి లతలు, పూలు ఉన్న ముక్క తీసుకుంటా. గుడ్డ తక్కువైతే చేతులకి వేరే గుడ్డ వేసుకుందామని వాళ్ళకే చెప్తా. కొందరు సరేనంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే ముఖం కోయడం నా వల్ల కాదని తిరిగి ఇచ్చేస్తా. మీరు లావుసన్నాల గురించి రాశాక నా దగ్గరున్న ఒక కాళహస్తి ముక్క వెలుతురులో పెట్టి చూశా. నెమలి మెడ మీద గీత ఒకచోట దాదాపు తెగిపోయి మళ్ళీ అందుకుంది. ఇన్నాళ్ళూ నా చేతిలోనే ఉన్నా దాన్ని నేను పట్టించుకోలేదు. ఇక మీదట మీ గుడ్డ కుట్టించుకోవడానికి ఎవరొచ్చినా ముందు ఆ గీతలు చూపించే కొలతలు తీసుకుంటా.

పెద్దమ్మా, మీ మాటకి ఎదురు లేదు. మా అవ్వ వేళ్ళు కూడా అట్లాగే ఉండేవి. నేను ఇత్తడి సామాను తెచ్చుకోకపోవడానికి అదీ ఒక కారణం, కళాయి పూసేవాళ్ళు మాకు దగ్గర్లో లేరు. కంచుకి ఆ బాధ లేదు గానీ తోమడం తప్పదు. తేల్చుకోమన్నారు కదా, తేల్చుకున్నాం. ఆదివారం చెంబు తోమేది మా ఆయన. "గూట్లో పెడితే తోమకపోయినా నడిచేది" అన్నాడు ముందు. అద్దం వెనక పెట్టినా గాలికి నల్లబడుతుందని చెప్తే సరే అన్నాడు. మీ స్టీలు గ్లాసు మీద పేరు గురించి చదివాక మా అమ్మ గిన్నెలు తిప్పి చూశా. ఒకదాని మీద పుట్టింటివాళ్ళు కొట్టించిన తారీకు కూడా ఉంది. అవీ ఫ్లాటుకి వస్తున్నాయి.

రేణిగుంట తమ్ముడూ, మీ అమ్మగారు బిందె అంచు చుట్టూ వేలు తిప్పి చూస్తారన్నావు కదా, అచ్చం నేను గుడ్డ అంచు పట్టుకుని చూసినట్టే. ఆవిడకి నా నమస్కారం చెప్పు. చిలకపచ్చ చీరకి బ్లౌజు కావాలంటే నా దగ్గరికి తీసుకురా.

పలమనేరు తమ్ముడూ, కోపం ఎందుకు, నువ్వడిగిందే అసలైన ప్రశ్న. పని వెతికాను. మా ఇంట్లో వారంలో చాలా రోజులు రాగి సంగటే. సంగటి ముద్దలు చేసేటప్పుడు చేయి కాలకుండా, పిండి అంటుకోకుండా మాటిమాటికీ చేయి తడుపుకోవాలి. ఇప్పటిదాకా కుళాయి దగ్గరికి పోయి తడుపుకుని, చేతినుంచి నీళ్ళు కారుతుంటే పొయ్యి దగ్గరికి పరిగెత్తుకుని వస్తున్నా. చెంబు పొయ్యి పక్కన పెట్టుకుంటే మూతి వెడల్పు కాబట్టి వేళ్ళు ముంచుకోవచ్చు, సంగటి గట్టిపడితే అదే చెంబుతో సన్నగా ధార పోసి మెత్తబరచుకోవచ్చు. నిన్న చేసి చూశా. ఒక చేత్తో కట్టె, ఇంకో చేత్తో చెంబు. అవ్వ కూడా ఇట్లాగే చేసేదా అంటే నాకు గుర్తులేదు. నాకు మాత్రం చేతికి బాగుంది. పని అయిపోయాక బాల్కనీలో తులసికి నీళ్ళు పోయడానికి కూడా అదే.

ఇంటీరియర్ అబ్బాయికి గూడు వద్దని చెప్పలేదు, పాపం కష్టపడి గీసుకొచ్చాడు. హాల్లోంచి తీసి వంటగట్టు పక్కకి మార్చమన్నా. అద్దం తలుపు లేకుండా, నా చేయి అందే ఎత్తులో, తడి సామాను పెట్టినా పాడవకుండా కింద కడప రాయి పలక వేయమన్నా. లైటు ఉంచమన్నా, పొయ్యి దగ్గర ఎట్లాగూ వెలుతురు కావాలి.

రాచిప్ప ఒక్కటే మిగిలింది. పప్పు, చింతపండు పులుసు అందులో చేస్తే రుచే వేరని అందరూ అంటారు. కానీ అటక మీద చాలా కాలం ఖాళీగా ఉండిపోయింది. గ్యాసు మీద పెడితే పగులుతుందేమోనని భయంగా ఉంది. పెద్దమ్మా, మీరేమైనా చెప్పగలరా?

---

చిత్తూరు పెద్దమ్మ

భయం వద్దు తల్లీ, బలపపు రాయి మంచిది, తొందరపడితేనే పగులుతుంది. ముందు చల్లనీళ్ళతో కడుగు, సబ్బు పెట్టొద్దు, రాయి వాసన పీల్చుకుంటుంది. కొన్నాళ్ళు రోజూ బియ్యం కడిగిన నీళ్ళు గానీ గంజి గానీ పోసి నానబెట్టు, పొద్దునే పారబోసి కొత్తవి పొయ్యి. తర్వాత ఎండబెట్టి, నువ్వుల నూనెలో పసుపు కలిపి లోపలా బయటా పట్టించు, రాయి ఆ నూనెంతా తాగేస్తుంది. మళ్ళీ పట్టించు. పొయ్యి మీద పెట్టేటప్పుడు సన్న మంట మీద మొదలుపెట్టి, మెల్లగా పెంచు. మొదట గంజే కాచు, పప్పు తర్వాత. కాగిన రాచిప్పలో చల్లనీళ్ళు పోయొద్దు, వేడిగా ఉండగా తడి గట్టు మీద దించొద్దు. పప్పు ఇంకొంచెం ఉడకాలి అనగానే మంట ఆపెయ్, దించాక కూడా అది చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. ఆపకపోతే అడుగంటుంది.